మూడో చెయ్యి

గురువారం పొద్దున్నే
సొరంగం దాటి వాళ్ళ ఊరి వెలుతుర్లోకి వస్తాను.
ఇరవై మూడు ఇళ్ళు. కప్పుల మీద గడ్డి.
ఆ గడ్డిని ఒక్క క్షణం నిలబడనివ్వని గాలి.
ఫారో దీవుల్లో గాలికి సెలవు లేదు, నాకూ లేదు.
సంచీలో బీపీ మిషను, వారం మాత్రల డబ్బా,
కోటు మీద నా పేరు రాసిన బిళ్ళ.

ఆ బిళ్ళ యోంగెర్ కోసం.
కూడబలుక్కుని చదువుతుంది, "రాన్వా" అని.
వారం వారం
నన్ను కొత్తగా చూసి సంతోషిస్తుంది.

భర్త హానుస్ చేపల ఓడలో
ముప్పై ఏళ్ళు ఇంజను గది మనిషి.
ఓడ దిగాడు గానీ
ఇంజను ఆయన చెవుల్లోంచి దిగలేదు.
"చెవి మిషను పెట్టుకో" అని రెండేళ్ళు పోరాను.
"వినడానికేముంది, గాలేగా" అనేవాడు.
వినపడని మనిషి నలుగురిలోంచి మెల్లగా జారుకుంటాడు,
ఒంటరి బుర్రకి మరుపు దారి సులువు, అన్నాను.
"మరుపు మా ఇంట్లో సరిపడా ఉందమ్మా" అని నవ్వాడు.
ఆ నవ్వుని నేను రిపోర్టులో రాయలేదు.

యోంగెర్ అల్లుతుంది.
ఆమె వేళ్ళు మాత్రం దేన్నీ మర్చిపోలేదు:
రెండు కుట్లు సూటిగా, రెండు తిరగేసి,
బూడిదరంగు ఊలులో తెల్లని చుక్కల వరస.
ఒక చెయ్యి అయింది. రెండో చెయ్యి అయింది.
అయిందన్న సంగతి జారిపోయి
మూడో చెయ్యి మొదలుపెట్టింది.

"అమ్మా, మనిషికి రెండే" అని
కూతురు బెయింటా కొస పట్టుకుని లాగబోయింది.
నేను యోంగెర్ ముఖం చూశాను.
ఊలు కన్నా ముందు అదే విడిపోతోంది, వరస వెనక వరస.
విప్పకు, అన్నాను.
తప్పు దిద్దితే పాఠం గుర్తుండదు ఆమెకి.
దెబ్బ ఉంటుంది.

డిసెంబరులో హానుస్
ఎవరికీ చెప్పకుండా చెవి మిషను తెచ్చుకున్నాడు.
గడియారానికి ఉలిక్కిపడ్డాడు.
కాఫీ గిన్నె ఈల వేస్తుందని తెలిసి ఆశ్చర్యపోయాడు.
ఆ తర్వాత ఆమె గొంతు:
"పడవ వచ్చిందా?"

రోజుకి నలభై సార్లు అడుగుతుంది.
ఇన్నాళ్ళూ ఆయన
"వద్దు, ఇప్పుడే తాగాను" అని,
"అవును, చలే" అని
జవాబు చెబుతూనే ఉన్నాడు, ఎవరూ అడగని ప్రశ్నలకి.

కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.
ఏమనాలి అన్నట్టు నాకేసి చూశాడు.
శిక్షణలో నేర్పిన జవాబులు నా దగ్గర ఉన్నాయి.
తియ్యలేదు.

"వచ్చింది" అన్నాడు. "ఇప్పుడే. నేనే వచ్చాను."
"తడిశావా?"
"కొంచెం."

మార్చిలో ఆ మూడు చేతుల స్వెట్టరు తొడుక్కుని
ఊరి హాల్లో అల్లికల రాత్రికి ఆమెని తీసుకొచ్చాడు.
ఎవరూ నవ్వలేదంటే అబద్ధం.
అందరితో పాటు తనూ నవ్వింది యోంగెర్, ఎందుకో తెలియకుండానే.
దుకాణం ఎలియాస్ ఆ ఖాళీ చేతిని ఊపి
"ఇది ఎవరిది?" అన్నాడు.
"ఎవరికి తీరికుంటే వాళ్ళది" అన్నాడు హానుస్.

ఇక్కడ పడవని ఒడ్డుకి లాగేటప్పుడు
పేరు పెట్టి ఎవర్నీ పిలవరు.
తాడు కనిపిస్తే చెయ్యి వేస్తారు.
మంగళవారం నుంచి ఎలియాస్ ఆమెని
రేవు చివరిదాకా నడిపించుకొస్తున్నాడు.
ఆయన పొట్ట కూడా కొంచెం తగ్గింది.
ఆ గంటా హానుస్ నిద్రపోతాడు,
చెవి మిషను తీసి పళ్ళెంలో పెట్టి,
బూట్లతోనే.

నిన్న తిరిగొచ్చే ముందు నా బీపీ నేను చూసుకున్నాను.
ఎక్కువే. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ తప్ప.
సొరంగంలో రేడియో అందదు.
ఆ చీకట్లో, బిళ్ళ చూడకుండా,
నా పేరు నేను
ఒకసారి గట్టిగా చదువుకున్నాను.